జాగ్రత్త: పాత కాకసస్ రన్నర్ల మీద తేదీలు మార్చి అమ్ముతున్నారు

ఆన్‌లైన్ వేలాల్లో పాత తివాచీలు కొనేవాళ్లకు ఈ అమ్మకందారు ఎవరో చెప్పనక్కరలేదు. మా నడవా కోసం ఆయన దగ్గర ఒక కరబాగ్ రన్నర్ కొన్నాను. రన్నర్ అంటే సన్నగా పొడవుగా ఉండే తివాచీ, కరబాగ్ కాకసస్‌లోని ఒక ప్రాంతం. 1805 నాటిదని అమ్మారు. అది 1902 నాటిది. పొరపాటు కాదు, అంకెను పీకి మార్చారు.

పైకొసన 1220 అని హిజ్రీ సంవత్సరం నేసి ఉంది. లెక్క వేస్తే 1805. కరబాగ్‌ను షుషా నగరం నుంచి ఏలిన ఇబ్రహీం ఖలీల్ ఖాన్ కురెక్‌చాయ్ ఒప్పందంతో రష్యా రక్షణలోకి వెళ్లిన ఏడాది అదేనని, ఇది ఆ కాలానికి మిగిలిన సాక్ష్యమని వేలంలో చాలాసేపు చెప్పారు. ఒప్పందం నిజమే. దానితో ఈ తివాచీకి కలిపిన చుట్టరికం పచ్చి అబద్ధం. ధర పెరిగింది ఆ అబద్ధం మీదే.

తివాచీ అద్భుతం, అందుకే ఇంత కడుపుమంట. పొడవునా మంజిష్ఠ ఎరుపు నేల, దాని మీద అంచుల చుట్టూ కొక్కేలున్న పలకలు ఒకదాని వెంట ఒకటి. ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకదాని పక్కన దువ్వెన, మరోదాని పక్కన నాలుగు కాళ్ల జంతువు, చోటు మిగిలిన దగ్గర ఎనిమిది కోణాల నక్షత్రం. గీసిన నమూనా ముందు పెట్టుకుని నేసింది కాదు, చేతికి తోచినట్టు సాగిన పని. సగం దూరం వెళ్లాక నీలం ఉన్నట్టుండి ముదురుతుంది, అక్కడ మరో విడత అద్దిన ఉన్ని మొదలైంది. ముదురు గోధుమ గీతలు చుట్టూ ఉన్న ఉన్ని కంటే లోతుగా అరిగిపోయాయి, ఆ రంగులో వాడిన ఇనుము ఉన్నిని తినేస్తుంది కాబట్టి. రన్నర్ అందం ఒక్క చూపులో అందదు. నడుస్తుంటే అడుగడుగునా కొత్తది ఎదురొస్తుంది.

హైదరాబాదులో ఉర్దూ అంకెలు చూస్తూ పెరిగాను. రెండుకూ మూడుకూ తేడా తలమీద ఒక్క కొమ్మే. తేదీలోని రెండో అంకె దగ్గర కన్ను ఆగింది. అంకె ఒక పక్కకు ఒరిగినట్టుంది, రెండో పక్క అనవసరంగా ఖాళీ. తివాచీని తిరగేశాను. వెనకవైపు ముడులన్నీ అరిగి చదునైపోయాయి. ఆ ఖాళీ వెనక మాత్రం వేలిగోరంత మేర ఎర్ర ముడులు ఉబ్బి నిలబడ్డాయి. తెల్ల నూలుగుడ్డ తడిపి అద్దితే అక్కడ గులాబీ రంగు దిగింది. మిగతా ఎరుపు మీద ఎంత రుద్దినా గుడ్డకు ఏమీ అంటలేదు. అంటే ఆ ముడులు తర్వాత వేరే రంగుతో వేసినవి. మూడు నుంచి ఒక కొమ్ము పీకేసి, ఆ చోట నేలరంగు ముడులు వేసి రెండు చేశారు. 1320 కాస్తా 1220 అయింది.

ఫొటోలు పంపి ఫోను చేశాను. మొదట “ఎప్పటిదో పాత మరమ్మతు” అన్నారు. మరమ్మతు అరిగిన చోట చేస్తారు గానీ సరిగ్గా అంకె కొమ్ము మీద ఎందుకు చేస్తారని అడిగాను. గొంతు మారిపోయింది. “నేల మీద పరుచుకునేదానికి పుట్టిన తేదీ ఎందుకు మేడం? మీ ఇంటికి వచ్చేవాళ్లలో ఆ అంకెలు చదివేది ఎవరు?” అని పెట్టేశారు.

ఆ మాట ఇంకా చెవిలో మండుతోంది. నేసిన మనిషి పేరు ఆ తివాచీలో లేదు, ఊరూ లేదు. తన గురించి మిగిల్చింది ఆ నాలుగు అంకెలే. డబ్బు కోసం వాటి మీద కత్తెర పెట్టారు. అయినా 1902 అంటే తక్కువా? కాకసస్ నగరాలు బాకు, తిఫ్లిస్ (ఇప్పటి త్బిలిసి)ల మధ్య రైలు 1883లో వచ్చాక అక్కడి తివాచీలు బయటి దేశాలకు విరివిగా వెళ్లాయి. ఇప్పుడు మన చేతికి వచ్చే మంచి కాకసస్ తివాచీల్లో చాలావరకు పంతొమ్మిదో శతాబ్దం చివరివీ ఇరవయ్యో శతాబ్దం మొదటివీ. ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే తగిన ధర ఇచ్చి సంతోషంగా తెచ్చుకునేదాన్ని.

తేదీ ఉన్న తివాచీ కొంటుంటే అంకెల వెనకవైపు దగ్గరి ఫొటో డబ్బు కట్టకముందే అడగండి. పంపకపోతే వదిలేయండి. ఇంటికి చేరిన రోజే తడిగుడ్డ అద్ది చూడండి. నేను కార్డు సంస్థకు ఫిర్యాదు చేశాను. నా ఫొటోలు కావలసినవారికి పంపుతాను. ఆయన వచ్చే వేలం జాబితాలో 1225 అని నేసిన షిర్వాన్ (కాకసస్‌లోనే మరో ప్రాంతం) రన్నర్ ఒకటి ఉంది.