బాక్స్ హిల్‌కి కారులో వెళ్లకండి

లండన్‌లో ఉండే మనవాళ్లు చాలామంది సర్రేలోని బాక్స్ హిల్‌కి కారులో వెళ్తారు. పైన బండి ఆపి, కెఫే వరసలో నిలబడి, శాలమన్స్ స్మారకం దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. ఆ కొండ సంపదంతా వాలు మీద, మోకాలెత్తుకి కిందే ఉంది. అది చూడకుండా రావడం అన్యాయం.

లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి బాక్స్ హిల్ అండ్ వెస్ట్‌హంబుల్ స్టేషన్‌కి రైల్లో గంట లోపే. కొండకి టికెట్ లేదు. ఈ కొండని చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థలో సభ్యులు కానివాళ్లు పార్కింగ్‌కి మాత్రం కట్టాలి. స్టేషన్ నుంచి కాస్త నడిస్తే మోల్ నది, దాటడానికి 17 రాళ్లు. గట్టి వాన పడితే అవి మునిగిపోతాయి. పంతానికి పోకుండా దగ్గర్లోని కాలివంతెన మీద దాటండి. అక్కణ్ణుంచి 270కి పైగా మెట్లు. పిల్లలు సగంలోనే చతికిలబడతారు, పులిహోర డబ్బా విప్పాల్సింది అక్కడే.

నవంబరు నుంచి మార్చి దాకా ఎక్కడం కన్నా దిగడం కష్టం. ఇది సుద్దరాతి కొండ. తడిసిన సుద్ద, బంకమట్టితో కలిసి సబ్బులా జారుతుంది. లోతైన గాళ్లున్న బూట్లు, చేతికర్ర తప్పనిసరి. ఆ రోజుల్లో బాక్స్, యూ చెట్ల పచ్చదనం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. యూ గింజలు విషం, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. ఏప్రిల్‌లో పసుపు కౌస్లిప్ పూలు, జూన్‌లో బీ ఆర్కిడ్ పూలు.

ఒక్కసారే వెళ్లగలిగితే మాత్రం ఆగస్టు మొదటి వారం, పూలూ సీతాకోకచిలుకలూ కలిసి కనబడేది అప్పుడే. సుద్ద మీద పైమట్టి పలచన, సత్తువ తక్కువ. అందుకే ఏ మొక్కా ఏపుగా పెరిగి పక్కవాటిని మింగెయ్యలేదు. ఇలాంటి నేలలో చదరపు మీటరులో 40 రకాల దాకా మొలుస్తాయి. నేలని అంటుకున్న థైమ్ మొక్క ఆకు నలిపితే వాము వాసన. పక్కనే గులాబిరంగు పూల అడవి మార్జోరం, మన మరువానికి దగ్గరి చుట్టం. హార్స్‌షూ వెచ్ అనే చిన్న మొక్క ఆకు తప్ప చాక్‌హిల్ బ్లూ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు మరొకటి తినదు. ఆ పురుగు ఒంటి నుంచి ఊరే తీపి కోసం చీమలు కాపలా కాస్తాయి. పశువుల మేత ఆగితే ముళ్లపొదలు కమ్మేసి ఇవన్నీ పోతాయి. అందుకే నల్లటి ఒంటికి తెల్లటి నడికట్టున్న బెల్టెడ్ గాలోవే పశువుల్ని ఇక్కడ మేపుతారు. వాటి జోలికి పోకండి, కుక్క ఉంటే పట్టీ వదలకండి.

ఎండ కాస్తేనే సీతాకోకచిలుకలు ఎగురుతాయి. ఫొటో కావాలంటే సాయంత్రం దాకా ఆగండి. గడ్డిపరకలకి తలకిందులుగా, రెక్కలు మూసుకుని నిద్రకి చేరతాయి, బెత్తెడు దూరం దాకా వెళ్లొచ్చు. నిండు ప్యాంటు వేసుకోండి, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక పిడుదులు వెతుక్కోండి. ఆదివారం తిరుగు రైళ్లు తక్కువ. వేళ చూసుకునే మెట్లెక్కండి.