తిమింగలాల వేటగాళ్ల పాటల కోసం: మిస్టిక్, న్యూబెడ్‌ఫోర్డ్, నాన్‌టకెట్

అమెరికా ఈశాన్య తీరంలో తిమింగలాల వేట చరిత్ర చూడాలంటే ఈ మూడు ఊళ్లూ ముఖ్యం. కానీ పాటల కోసమే వెళ్లేవాళ్లు, చేతిలో రెండు రోజులుంటే, మొదటి రెంటికే పెట్టుకోండి. వినడానికి మిస్టిక్, అర్థం చేసుకోవడానికి న్యూబెడ్‌ఫోర్డ్.

కనెటికట్ రాష్ట్రంలోని మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియంలో చార్ల్స్ డబ్ల్యూ మోర్గన్ ఓడ ఉంది. 1841లో నీటికి దించిన ఈ చెక్క ఓడ 1921 దాకా 37 సార్లు వేటకు వెళ్లింది. డెక్ మీద, తిమింగలం కొవ్వు కరిగించి నూనె తీయడానికి ఇటుకలతో కట్టిన పొయ్యి చూశాక, ముందుభాగంలో నావికులు పడుకునే గదిలోకి తప్పకుండా దిగండి. పెద్దవాళ్లు జాగ్రత్త: మెట్లు నిటారుగా ఉంటాయి, పైకప్పు తలకు తగులుతుంది. ఆ ఇరుకు గదిలోనే పాటలు ఒకరి నోటి నుంచి ఒకరికి చేరేవి.

సీజన్‌లో ఇక్కడి సిబ్బంది షాంటీలు, అంటే పనిపాటలు, పాడి వినిపిస్తారు. తెరచాప ఎత్తే పాటలో ఒకడు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు పల్లవి అందుకుంటారు. పల్లవిలో మామూలుగా రెండు చోట్ల నొక్కు పడుతుంది. ఆ రెండు చోట్లే తాడు లాగాలి, చరణం సాగినంతసేపూ ఊపిరి తీసుకోవాలి. కొత్తవాళ్లు ఆపకుండా లాగుతారు. బలం ఒక్కసారిగా పడక బరువు కదలదు, చేతులు మాత్రం మండుతాయి. మన జాలర్ల హైలెస్సా పనిచేసేదీ ఇలాగే. లంగరు చక్రం తిప్పే పాటల్లో నడక ఆగకూడదు కాబట్టి అవి కవాతులా సాగుతాయి.

చాలామంది పొరబడతారు గానీ, ఓడ నుంచి దిగి తిమింగలాన్ని తరిమే చిన్న వేటపడవలో పాట ఉండదు. చప్పుడుకు తిమింగలం బెదిరి లోతుకు పోతుంది. పైగా వేట ఓడలో 30 మందికి పైగా ఉండేవారు. తక్కువ మందితో నడిచే సరుకు ఓడలకే పనిపాటల అవసరం ఎక్కువ. మూడు నాలుగేళ్ల ప్రయాణంలో వేటగాళ్లకు మిగిలేది తీరిక. అందుకే వాళ్లు పాడుకున్నవాటిలో కథాగీతాలు, ప్రేమపాటలు, చర్చి కీర్తనలు ఎక్కువ.

ఆ పాటలు ఎలా పాకాయో న్యూబెడ్‌ఫోర్డ్ వేలింగ్ మ్యూజియంలో తెలుస్తుంది. నడిసముద్రంలో రెండు వేట ఓడలు ఎదురుపడితే ఆగి, పడవల్లో రాకపోకలు సాగించేవి. దాన్ని గామ్ అనేవారు. ఉత్తరాలు, కబుర్లతోపాటు పాటలూ మారేవి. అజోర్స్, కేప్ వెర్డీ దీవుల నుంచి ఎక్కినవాళ్లు, పసిఫిక్ దీవులవాళ్లు, నల్లజాతి నావికులు ఒకే గదిలో ఉండేవారు. హవాయి దీవుల్లోని లహైనా, హొనొలులు రేవుల్లో మనుషులు ఓడలు మారితే పాటలూ మారేవి. లగోడా అనే వేట ఓడకు సగం కొలతలో కట్టిన 89 అడుగుల నమూనా ఎక్కి చూడొచ్చు. మ్యూజియం భద్రపరిచిన ఓడ రికార్డులు చూడాలంటే ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. పాటలు కావాలంటే లాగ్‌బుక్ కాదు, నావికుల సొంత డైరీలు అడగండి. లాగ్‌బుక్ అంటే ఓడ యజమాని కోసం రాసే ప్రయాణపు లెక్క. పాటలు దొరికేది డైరీల్లోనే. స్వరం రాసి ఉండదు, చెవికి వినిపించినట్టు రాసిన మాటలే ఉంటాయి.

నాన్‌టకెట్‌లో 1847 నాటి కొవ్వొత్తుల ఫ్యాక్టరీలో మంచి మ్యూజియం ఉంది, 46 అడుగుల స్పెర్మ్ తిమింగలం అస్థిపంజరం ఉంది. ఈ దీవికి హయానిస్ రేవు నుంచి వేగపు ఫెర్రీలో గంట, మామూలుది రెండుంపావు గంటలు. గదులు బాగా ఖరీదు. ఒకప్పుడు ఈ దీవిని నడిపిన క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లకు సంగీతం గిట్టదు, అందుకే పాటల యాత్రలో దీన్ని చివర పెట్టాం.

బోస్టన్ సౌత్ స్టేషన్ నుంచి న్యూబెడ్‌ఫోర్డ్‌కు 2025 మార్చి నుంచి లోకల్ రైలు ఉంది. అక్కడి నుంచి మిస్టిక్‌కు కారే నయం, సుమారు గంటన్నర. బసకు మిస్టిక్‌లో హోటళ్లు ఎక్కువ, కానీ వేసవి వారాంతాల్లో ధరలు పెరుగుతాయి. జూన్‌లో జరిగే సముద్ర గీతాల ఉత్సవం ఇప్పుడు మిస్టిక్‌లో కాదు, కనెటికట్‌లోనే ఎసెక్స్‌లో. పాత సమాచారం నమ్మి గది బుక్ చేయకండి.

శాకాహారులకో మాట. న్యూబెడ్‌ఫోర్డ్ పోర్చుగీస్ హోటళ్లలో కేల్ సూప్ చూసి ఆకుకూర పులుసు అనుకోవద్దు, అందులో పంది మాంసం సాసేజ్ వేస్తారు. ఆర్డర్ ఇచ్చే ముందే అడగండి.