డ్యాన్స్ రాని నలుగురం, టెక్సాస్‌లో నాలుగు సాయంత్రాలు

డాలస్‌లో ఉండే మా అమ్మాయిని ఈసారి ఒకటే అడిగాను: "మాల్స్ వద్దు తల్లీ, మేం కూడా కలిసి చేసేది ఏదైనా ఉంటే తీసుకెళ్లు." అలా నేను, మావారు, అమ్మాయి, అల్లుడు కారులో డ్యాన్స్ హాళ్లు చూసుకుంటూ బయల్దేరాం. నలుగురిలో ఎవరికీ డ్యాన్స్ రాదు.

మొదట ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్. పగలు రెండుసార్లు పొడుగు కొమ్ముల లాంగ్‌హార్న్ పశువులను వీధిలో నడిపిస్తారు, పిల్లలుంటే అది చూపించండి. మేం వెళ్లింది మాత్రం బిల్లీ బాబ్స్ టెక్సాస్ కోసం. ఒకప్పటి పశువుల కొట్టం, 1981లో డ్యాన్స్ హాలు అయింది. లక్ష చదరపు అడుగుల పైమాటే. లైన్ డ్యాన్స్ నేర్పే సాయంత్రం ఏదో ముందే కనుక్కుని వెళ్లాం.

లైన్ డ్యాన్స్‌కి జోడీ అక్కర్లేదు. అందరూ వరసల్లో ఒకే వైపు తిరిగి నిలబడతారు. మొదట నేర్పేది గ్రేప్‌వైన్: కుడికాలు పక్కకి, ఎడమకాలు దాని వెనక్కి, మళ్లీ కుడికాలు పక్కకి, ఎడమకాలు తెచ్చి ఆనించడం. ఇలాంటివి కలిపి ముప్ఫై రెండు లెక్కలకు ఒక చుట్టు పూర్తవుతుంది. చివర్లో పావు వంతు తిరిగి అదే మళ్లీ మొదలుపెట్టాలి. చిక్కంతా ఆ తిరగడంలోనే ఉంది. అప్పటిదాకా ముందున్న వాళ్ల కాళ్లు చూసి వేస్తున్నాను. తిరిగేసరికి నా ముందు గోడ తప్ప ఎవరూ లేరు. పక్కనున్న ఆవిడ నా భుజం తట్టి మధ్యలోకి రమ్మంది. మధ్యలో ఉంటే ఎటు తిరిగినా ముందు ఎవరో ఒకరు కనిపిస్తారు. కొత్తవాళ్లు సిగ్గుపడి చివర నిలబడకండి, అక్కడే కష్టం.

ఇంకోటి, రబ్బరు అడుగున్న స్పోర్ట్స్ షూస్ వద్దు. అవి నేలకు పట్టేస్తాయి, తిరిగేటప్పుడు ఆ మెలి మోకాలి మీద పడుతుంది. మావారికి రెండు రోజులు నొప్పి తగ్గలేదు.

ఫోర్ట్‌వర్త్‌లో నడిచి వెళ్లేంత దూరంలో రూమ్ తీసుకున్నాం. రేటు కాస్త ఎక్కువే కానీ అర్ధరాత్రి కారు వెతుక్కునే పని తప్పింది. ఆస్టిన్ హోటల్‌తోనే ఇబ్బంది: పార్కింగ్ ఛార్జీ విడిగా ఉంటుందని బుకింగ్‌లో ఎక్కడా చెప్పలేదు, ఖాళీ చేసేటప్పుడు బిల్లులో వేశారు. అడిగినా తగ్గించలేదు.

ఆస్టిన్‌లో బ్రోకెన్ స్పోక్ 1964 నుంచి ఉంది. పక్కనే పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేచినా అది తగ్గు కప్పుతో అలాగే నిలిచింది. అక్కడ ముఖ్యం జంటగా వేసే టూ‌స్టెప్. అందరూ అప్రదక్షిణంగా తిరుగుతారు. వేగంగా వెళ్లేవాళ్లు బయటి వైపు, నిదానంగా వెళ్లేవాళ్లు లోపలి వైపు. అమ్మాయి, అల్లుడు చక్కగా కలిసిపోయారు. మేం కాసేపు లోపలి వైపు నడిచి కూర్చున్నాం. న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లోని గ్రీన్ హాల్ (Gruene Hall) 1878లో కట్టింది. రేకుల కప్పు, చెక్క నేల, ఏసీ లేదు. తప్పకుండా చూడాల్సిన చోటు. నేర్చుకోవడానికైతే వేరే చోట చూసుకోండి.

తిరిగొచ్చాక చివరి సాయంత్రం డాలస్ దగ్గర ఒక చర్చి హాల్లో స్క్వేర్ డ్యాన్స్ క్లబ్ కొత్తవాళ్ల కోసం పెట్టిన కార్యక్రమానికి వెళ్లాం. ట్యూబ్‌లైట్లు, మడత కుర్చీలు, అంతే. కానీ నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. 1991 నుంచి టెక్సాస్ రాష్ట్ర జానపద నృత్యం కూడా ఇదే.

నాలుగు జంటలు చతురస్రంగా నిలబడతాయి. ఏం చేయాలో పిలిచి చెప్పే ఆయన్ని 'కాలర్' అంటారు. ఆయన మైకులో చెబుతుంటాడు, మనం వింటూ చేస్తాం. మన కోలాటంలో గురువుగారు విజిల్ వేస్తే కోపు మారుతుంది చూడండి, అచ్చం అలాగే. ముందుగా ఏదీ బట్టీ పట్టక్కర్లేదు. 'డొసీడో' అంటే ఎదుటివారి చుట్టూ వీపు వైపు నుంచి దాటి మన చోటికి రావడం. 'అలమాండ్ లెఫ్ట్' అంటే జోడీ ఉన్న పక్క కాకుండా మనకు రెండో పక్కనున్న వారి ఎడమచెయ్యి మన ఎడమచేత్తో పట్టుకుని తిరగడం. నేను కుడిచెయ్యి చాపాను, మొత్తం స్క్వేర్ ఆగిపోయింది. నాకు టెన్షన్ పట్టుకుంది. ఎదురుగా ఉన్న పెద్దాయన తన ఎడమచెయ్యి ఎత్తి చూపించి ఆగాడు. మళ్లీ అందరం మొదటి చోట్లకు వెళ్లి తర్వాతి పిలుపు కోసం నిలబడ్డాం. ఎవరూ విసుక్కోలేదు.

ఇలా కొత్తవాళ్లకు తోడు నిలబడే అనుభవజ్ఞులను అక్కడ 'ఏంజెల్స్' అంటారు. మమ్మల్ని నలుగురినీ ఒకే స్క్వేర్‌లో ఉంచలేదు, విడదీసి తలో ఏంజెల్‌తో జోడీ కట్టారు. ఆ రెండు గంటల్లో నా చెయ్యి పట్టుకున్న వాళ్లు ఇరవై మందైనా ఉంటారు. డాలస్ వచ్చినప్పుడల్లా అమ్మాయి స్నేహితులు తప్ప నాతో మాట్లాడేవాళ్లే ఉండరు. ఆ రోజు ఇంటికొచ్చేసరికి చొక్కాకు అంటించిన స్టిక్కర్ మీద నా పేరు, నోట్లో అయిదారుగురి పేర్లు.

తిరుగు విమానానికి ఇంకా తొమ్మిది రోజులుంది. తర్వాతి వారం అదే హాలుకి మళ్లీ వెళ్లాం, ఈసారి తోలు అడుగున్న చెప్పులతో.