మోకాళ్ళ నొప్పుల పొడికి ల్యాబ్ టెస్ట్ చేయించా: సర్వీస్ కి నా రేటింగ్ 5 కి 3.5

హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక ప్రైవేట్ ఫుడ్ అండ్ హెర్బల్ టెస్టింగ్ ల్యాబ్ లో రెండుసార్లు శాంపిల్ ఇచ్చా, జనవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి. ల్యాబ్ పేరు కావాలనే రాయట్లేదు. ఏ ల్యాబ్ కి వెళ్ళినా మీరు ముందే అడగాల్సినవి ఇందులో ఉన్నాయి కాబట్టి కొంచెం పెద్దదైనా చివరిదాకా చదవండి.

మా నాన్నకి 68, తెనాలిలో ఉంటారు, మోకాళ్ళు బాగా అరిగిపోయాయి, మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాల్సిందే. మా మేనత్త ఎవరో చెప్పారని ఒక నాటువైద్యుడి దగ్గర్నుంచి పొడి తెప్పించింది, లేబుల్ లేదు ఏం లేదు ఒట్టి ప్లాస్టిక్ డబ్బా, పొద్దున ఒక స్పూను రాత్రి ఒక స్పూను గోరువెచ్చటి నీళ్ళతో వేసుకోమన్నాడంట. మూడో రోజుకి నాన్న కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఎవరి సాయం లేకుండా లేచారు. అమ్మ ఫోన్లో ఏడ్చేసింది సంతోషంతో. నాకు మాత్రం అక్కడే అనుమానం వచ్చింది, ఏళ్ళ తరబడి అరిగిన కీలుకి వేర్లూ ఆకులూ మూడు రోజుల్లో అంత పని ఎలా చేస్తాయి అని.

అప్పటికి నా బుర్రలో ఉన్నది హెవీ మెటల్స్ ఒక్కటే. 2004 లో వచ్చిన ఒక అమెరికన్ స్టడీ గురించి చదివా, బోస్టన్ చుట్టుపక్కల షాపుల్లో అమ్మే 70 ఆయుర్వేద ప్రొడక్ట్స్ కొని టెస్ట్ చేస్తే 14 లో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది. సో డబ్బాలోంచి 200 గ్రాములు జిప్ కవర్లో వేసుకుని, పన్లో పని ఇంట్లో వాడే లూజ్ పసుపు కూడా పట్టుకుని వెళ్ళా (పసుపులో రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం ఉన్న రంగు కలుపుతారని భయం ఉంది కదా). కౌంటర్ లో ఒక ఫామ్ ఇచ్చారు, ఏం టెస్టులు కావాలో మీరే రాయాలి. హెవీ మెటల్స్, బ్యాక్టీరియా అని రాశా. ఆ అమ్మాయి డబ్బులు కట్టించుకుని రసీదు ఇచ్చింది, ఇది దేనికి వాడతారు, ఎందుకు టెస్ట్ చేయిస్తున్నారు అని ఒక్క మాట అడగలేదు. రేటింగ్ లో నేను 1.5 తగ్గించింది ఇందుకే.

ఏడు వర్కింగ్ డేస్ అన్నారు, ఆరో రోజే మెయిల్ వచ్చింది. రిపోర్ట్ నీట్ గా ఉంది, ప్రతి లోహానికీ ఎంత వచ్చింది, లిమిట్ ఎంత, ఏ మెషీన్ మీద చేశారు అన్నీ పక్కపక్కనే. మూలికలకి మన ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక పుస్తకం) లిమిట్స్ ఇవీ: సీసం 10 పీపీఎం (అంటే కిలోకి 10 మిల్లీగ్రాములు), ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3. మా పొడిలో అన్నీ చాలా తక్కువే, ఈకోలీ, సాల్మొనెల్లా లాంటి జబ్బు చేసే బ్యాక్టీరియా లేవు. పసుపు కూడా ఓకే, పసుపులో సీసానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఫుడ్ సేఫ్టీ సంస్థ) లిమిట్ కూడా 10 పీపీఎమ్మే, మాది 1 కూడా లేదు. నేను వెంటనే నాన్నకి ఫోన్ చేసి ల్యాబ్ లో క్లీన్ అని వచ్చింది, హాయిగా వాడండి అన్నా. ఆ మాట అన్నది నేనే, అది ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

ఇంకో ఆరు వారాలకి నాన్న మొహం గుండ్రంగా ఉబ్బింది, ఎప్పుడూ 110 దాటని ఫాస్టింగ్ షుగర్ 190 కి వెళ్ళింది, చేతుల మీద చిన్న దెబ్బకే నల్లగా కమిలిపోతోంది. తెనాలి డాక్టర్ గారు మొహం చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, ఏదైనా పొడి వాడుతున్నారా అని. రిపోర్ట్ చూపిస్తే మొత్తం చదివి, ఇందులో స్టెరాయిడ్ టెస్ట్ ఏదమ్మా అన్నారు. స్టెరాయిడ్ అంటే వాపు, నొప్పి త్వరగా తగ్గించే అల్లోపతి మందు, నాన్నకి వచ్చిన లక్షణాలన్నీ అది ఎక్కువైతే వచ్చేవేనంట.

రెండోసారి కౌంటర్ దగ్గర ఆగకుండా కెమిస్ట్ తో మాట్లాడాలి అని పట్టుబట్టా. పైనుంచి ఒకాయన దిగొచ్చి అరగంట నిలబడి ఓపిగ్గా చెప్పారు, ఆయన కోసమే 3.5 ఇస్తున్నా. మెటల్స్ టెస్ట్ లో పొడిని నైట్రిక్ యాసిడ్ లో వేడి చేసి పూర్తిగా కరిగించేస్తారంట, అందులో మూలిక అయినా మందు అయినా మొత్తం విరిగిపోతుంది, మిగిలిన ద్రవంలో లోహాలు మాత్రమే లెక్కపెడతారు. అంటే స్టెరాయిడ్ ఎంత ఉన్నా ఆ మెషీన్ కి కనపడే ఛాన్సే లేదు. అల్లోపతి మందు కలిపారేమో చూడాలంటే ఎల్‌సీ ఎంఎస్ అనే (పొడిలోని పదార్థాల్ని విడదీసి ఒక్కోటీ గుర్తుపట్టే) వేరే పద్ధతి, దానికి కూడా ఏ మందుల కోసం వెతకాలో లిస్ట్ ఇవ్వాలి. నొప్పుల పొడి అయితే డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు లాంటివి చూస్తాం, మగతనం పొడి అయితే సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) చూస్తాం అన్నారు. ఈ నాలుగు ముక్కలు మొదటిసారే ఎవరైనా చెప్పుంటే ఆరు వారాలు మిగిలేవి కదా.

ఈసారి ఆ టెస్టే చేయించా. రిపోర్ట్ లో డెక్సామెథసోన్ కిలోకి 310 మిల్లీగ్రాములు, డైక్లోఫెనాక్ కూడా ఉంది. నాన్న వాడే స్పూను తూచి చూస్తే 3 గ్రాములు వచ్చింది, రెండు పూటలకి 6 గ్రాములు, అంటే రోజుకి 1.86 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్. డాక్టర్ గారి లెక్కలో అది రోజూ 12 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మింగినట్టు. ఇంకోటి, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి: అలాంటి పొడి అని తెలియగానే భయపడి ఒక్కసారిగా ఆపేయకూడదంట. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే ఒంట్లో తయారయ్యేది తగ్గిపోతుంది, సడన్ గా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. నాన్నకి పొడి ఆపి దాని బదులు తెలిసిన డోసులో టాబ్లెట్ ఇచ్చి నెమ్మదిగా తగ్గించుకుంటూ వస్తున్నారు, మధ్యలో పొద్దున్నే రక్తం తీసి కార్టిసాల్ (ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్) ఎంత ఉందో చూస్తున్నారు.

కెమిస్ట్ గారు చెప్పిన ఇంకో విషయం, పొడిలో ఉన్నది అసలు వాళ్ళు చెప్పిన మొక్కేనా కాదా అనేది కూడా విడిగా అడగాలి. కరోనా టైంలో అందరం తిప్పతీగ కషాయాలు తాగాం కదా, ముంబైలో కొందరికి లివర్ దెబ్బతిందని డాక్టర్లు 2021 లో రిపోర్ట్ చేశారు, ఆయుష్ శాఖేమో అచ్చం తిప్పతీగలానే ఉండే ఇంకో జాతి తీగ వాడుంటారు అంది. ఎవరిది రైటో అనే గొడవ పక్కనపెడితే, పొడి కొట్టాక కంటికి తేడా తెలియదు, టీఎల్‌సీ (పొడిలోని పదార్థాల్ని ఒక ప్లేటు మీద మచ్చలుగా విడదీసి చూసేది) లాంటి టెస్ట్ తోనే కొంత పట్టుకోవచ్చు.

రేట్ల విషయానికొస్తే మెటల్స్, బ్యాక్టీరియా కలిపి రెండు శాంపిల్స్ కి 9,000 దాకా అయింది, స్టెరాయిడ్ స్క్రీనింగ్ ఒక్కదానికే 6,500, జీఎస్టీ 18 శాతం అదనం. మామూలు ఇంటికి తక్కువేం కాదు. ల్యాబ్ కి ఎన్ఏబీఎల్ (ల్యాబ్ లని పరిశీలించి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని మాత్రమే కాదు, మీరు చేయించే ఆ టెస్ట్ కి ఉందా అని అడగండి, ఎందుకంటే గుర్తింపు టెస్టుల వారీగా ఇస్తారు. పసుపు, కారం లాంటి తిండి పదార్థాలకైతే ఫుడ్ సేఫ్టీ చట్టం సెక్షన్ 40 కింద కొన్నవాళ్ళు ఎవరైనా ఫీజు కట్టి ప్రభుత్వ ఫుడ్ అనలిస్ట్ తో టెస్ట్ చేయించుకోవచ్చు, తేడా ఉందని తేలితే ఫీజు వెనక్కిస్తారు, కాకపోతే కొనేటప్పుడే టెస్ట్ కి ఇస్తున్నా అని షాపువాడికి చెప్పాలి. హైదరాబాద్ లో స్టేట్ ఫుడ్ ల్యాబ్ నాచారంలో ఉంది.

రిపోర్ట్ కింద చిన్న అక్షరాల్లో, ఈ ఫలితం కస్టమర్ తెచ్చిన శాంపిల్ కి మాత్రమే వర్తిస్తుంది అని ఉంటుంది. కంప్లైంట్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆ లైన్ విలువ తెలిసింది, అధికారులు వాళ్ళంతట వాళ్ళు వెళ్ళి శాంపిల్ తీస్తేనే కేసు నిలబడుతుంది అన్నారు. అందుకే డబ్బాలో మిగిలిన పొడి పారేయకుండా సీల్ చేసి తేదీ రాసి బీరువాలో పెట్టా. మేనత్త ఆ పొడి వాడుతున్న తన స్నేహితురాళ్ళు నలుగురి ఇళ్ళకీ రిపోర్ట్ జిరాక్స్ తీసుకెళ్ళి ఇచ్చొచ్చింది, ఇద్దరు అదే డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళారు. నాన్న మళ్ళీ గోడ పట్టుకునే మెట్లెక్కుతున్నారు. షుగర్ నిన్న 128.