కుడిఎడమలు తెలియనివాడు నృత్య తరగతిలో చేరితే

గణితంలో పరిశోధన చేస్తున్నాను గానీ, ఎవరైనా "ఎడమకాలు" అంటే ఇప్పటికీ ఒక్క క్షణం ఆలోచించుకోవాలి. అలాంటి నేను మా విశ్వవిద్యాలయ వ్యాయామశాలలో వారానికి రెండు సాయంత్రాలు జరిగే బృంద నృత్య తరగతికి పన్నెండు వారాలు వెళ్లాను. నృత్యం మీద మక్కువతో కాదు. మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదని ఒక రాత్రి స్ఫురించి, పేరు నమోదు చేయించుకున్నాను.

మొదటి రోజే తాళంలో ఐదో లెక్క దగ్గర అందరూ అటు తిరిగితే నేను ఇటు తిరిగి, పక్కనున్న అమ్మాయికి ఎదురుగా నిలబడ్డాను. ఆమె నవ్వి, నా మోచెయ్యి పట్టుకుని సరైన దిక్కుకు తిప్పింది. ఆమె పేరు తెలిసింది నాలుగో వారంలో. గ్రంథాలయంలో రెండేళ్లుగా నా బల్ల దగ్గరే కూర్చునే వాళ్ల పేర్లు ఇంకా తెలియవు.

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. బ్రెజిల్‌లో 264 మంది యువతీయువకుల చేత నృత్యం చేయించి, ముందూ తర్వాతా రక్తపోటు పట్టీ బిగించి, నొప్పిని ఎంతవరకు ఓర్చుకోగలరో చూశారు. చెమట పట్టేలా ఆడితే ఓర్పు పెరిగింది. చేతులు మాత్రమే కదిపినా, అందరితో కలిసి ఒకే లయలో కదిపితే అప్పుడూ పెరిగింది. తోటివారితో చనువూ అంతే. నాలా లయ తప్పేవాళ్ల సంగతేమిటో!

ఇక్కడ నాకు బాగా నచ్చింది బోధన. శిక్షకురాలు నృత్యంలో చివరి ఎనిమిది లెక్కల అడుగులు ముందు నేర్పుతారు, తర్వాత వాటి ముందటి ఎనిమిది. దాంతో ఆడుతున్నకొద్దీ తెలిసిన చోటికే చేరుకుంటాం, చివర్లో తడబాటు ఉండదు. నా సెమినార్ ప్రసంగాన్ని కూడా అలాగే, ముగింపు నుంచి వెనక్కి సాధన చేశాను. ఎప్పుడూ ఆఖరి పది నిమిషాల్లో గొంతు తడారిపోయే నాకు ఈసారి నీళ్ల సీసా అవసరం పడలేదు.

లోపాలు లేకపోలేదు. నేల సిమెంటుది, పైన పరిచిన చాప పలచన. గెంతులున్న రోజు మోకాళ్లు సలుపుతాయి. అద్దం మొదటి రెండు వరుసలకే కనిపిస్తుంది. అన్నిటికంటే కోపం తెప్పించేది, పరీక్షల వారాల్లో తరగతి రద్దు చేయడం. నిద్ర పట్టని రోజులు అవే కదా!

కొత్తగా చేరేవాళ్లు రెండో వరుసలో నిలబడండి. చివరి వరుసలో కుడిమూల నాది. కుడి ఏదో తెలియకపోతే కిటికీ వైపు చూడండి, నేనూ అలాగే గుర్తుపెట్టుకున్నాను.