నీటిమొక్కల ఫోటోలకి 70-200 ఎఫ్4 జూమ్: చాలాకాలం వాడాక

చెరువుల దగ్గర ల్యాండ్‌స్కేప్ తీయాలనుకునేవాళ్లు ఎక్కువగా వైడ్ లెన్స్ వైపే చూస్తారు. నాకు ఆకాశం అక్కర్లేదు, అవతలి గట్టూ అక్కర్లేదు. జమ్ము దుబ్బులో ఒక మూల, గాలికి ఒరిగిన తుంగ, నీళ్లలోకి విరిగిపడిన తామర కాడలు చాలు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎలియట్ పోర్టర్ రంగుల ఫోటోలతో 1979లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన ప్రదర్శన తర్వాత బాగా పేరొచ్చిన ‘ఇంటిమేట్ ల్యాండ్‌స్కేప్’ తరహా ఇదే. దీనికోసం ఏళ్లుగా 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరాకి 70-200 ఎఫ్4, అంటే 70 నుంచి 200 ఎంఎం దాకా జూమ్ అయ్యే లెన్స్, తగిలించి వాడుతున్నాను.

ఈ లెన్స్‌ని నేను వదలకపోవడానికి కారణం ఒకటే. గట్టు మీంచి ముందుకి అడుగు వేయలేం, వేస్తే బురదే. నిలబడిన చోటు మారనంతసేపూ జూమ్ తిప్పడమంటే క్రాప్ చేయడమే, ఆకుల మధ్య వరసలూ దూరాలూ ఏమీ మారవు. తేడా పిక్సెల్స్‌లో వస్తుంది. 70 దగ్గర తీసి, 200 దగ్గర కనిపించేంత ముక్కని ఇంట్లో కోసుకుంటే 24 మెగాపిక్సెల్స్‌లో మిగిలేది సుమారు 3. అందుకే కోత చాలావరకు గట్టు మీదే అయిపోవాలి.

కెమెరా ఎత్తు సంగతి మాత్రం జూమ్ చూసుకోదు. ట్రైపాడ్ బాగా కిందికి దింపితే కలువాకులన్నీ ఒకదాని మీద ఒకటి పడి పచ్చటి గీతలా అయిపోతాయి. కంటి ఎత్తుకి లేపితే విడివిడిగా పరుచుకుంటాయి, మధ్యలో నీళ్లు కనిపిస్తాయి. నేను ఆకుల్ని కాదు, ఆ నీటి సందుల్నే చూసి ఎత్తు నిర్ణయిస్తాను. తామర వేరే కథ. ఆకు నీటిపైకి లేచి నిలబడుతుంది కాబట్టి, కాస్త కిందినుంచి తీస్తేనే కాడలకి బలం వస్తుంది.

ఫోకస్ దగ్గర ఓపిక కావాలి. 200 ఎంఎం, ఎఫ్11 (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది), 5 మీటర్ల దూరం అంటే స్పష్టంగా ఉండే లోతు దాదాపు 40 సెంటీమీటర్లే. ఎఫ్16కి వెళ్తే ఇంకొంచెం దక్కుతుంది గానీ డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల మొత్తం కాస్త మెత్తబడుతుంది. ఫోకస్ స్టాకింగ్ (వేర్వేరు దూరాల్లో ఫోకస్ చేసిన ఫోటోల్ని ఒకటిగా కలపడం) చేద్దామంటే జమ్ము కదలకుండా ఉండదు కదా! చిన్న గాలికే ఊగుతుంది. స్టాకింగ్ మానేసి, ముఖ్యమైన కాడలన్నీ కెమెరాకి ఒకే దూరంలో వరసగా పడే చోటు వెతుక్కుంటాను, షట్టర్ వేగం 1/250 సెకను కంటే తగ్గనివ్వను. ఇంకో మెలిక ఉంది. నీటిలో కనిపించే చెట్టు ప్రతిబింబానికి ఫోకస్ దూరం నీటి ఉపరితలం దాకా కాదు, నీటి మీదుగా ఆ చెట్టు దాకా. తేలే ఆకూ, దూరపు చెట్టు ప్రతిబింబమూ రెండూ షార్ప్‌గా రావాలని కూర్చుంటే టెన్షనే మిగులుతుంది.

పోలరైజర్ (మెరుపుని తగ్గించే, తిప్పుకునే ఫిల్టర్) లేకుండా ఈ లెన్స్‌ని బయటికి తీసుకెళ్లను. ఆకుల మీది తెల్లటి మెరుపు పోయి పచ్చదనం బయటపడుతుంది. కానీ పూర్తిగా తిప్పేస్తే నీళ్లు నల్లబడి, మొక్కలు ఎక్కడ నిలబడ్డాయో తెలియకుండా పోతుంది. సగంలో ఆపుతాను. ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది) ఎలాగూ తినేస్తుంది, ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) పెంచుకోవాల్సిందే.

ఇక ఇంట్లో చేసే క్రాప్. 3:2 ఫ్రేమ్ నిలువుగా పెడితే జమ్ముకి మరీ పొడుగు, పైనో కిందో పనిలేని నీళ్లు మిగులుతాయి. 4:5కి కోస్తే 4000 × 5000, అంటే 20 మెగాపిక్సెల్స్. చతురస్రమైతే 16. అంగుళానికి 300 చుక్కల లెక్కన 13 అంగుళాల ప్రింటుకి చతురస్రం కూడా సరిపోతుంది. అందుకే నిష్పత్తి మార్చే క్రాప్‌కి నేను వెనకాడను. కొన్ని మిర్రర్‌లెస్ కెమెరాల్లో 4:5ని వ్యూఫైండర్లోనే పెట్టుకోవచ్చు, రా ఫైల్ (సెన్సార్ నమోదు చేసిన అసలు డేటా) మాత్రం పూర్తిగానే ఉంటుంది. అలా చూస్తూ తీసిన ఫోటోలకి తర్వాత పని తక్కువ.

కోసేటప్పుడు మధ్యలో ఉన్న పువ్వుని పట్టించుకోను, ముందు నాలుగు అంచులూ తిరిగి వస్తాను. మూలలో ఆకాశం తెల్లగా మెరిసిందా, చూపు అక్కడికే పోతుంది. ఆకు కొస అంచుని తాకీ తాకనట్టు ఆగితే అది అన్నిటికంటే చెడ్డది. దాన్ని పూర్తిగా లోపల ఉంచాలి, లేదా ధైర్యంగా సగానికి కోసేయాలి. విరిగిన తామర కాడా, దాని ప్రతిబింబమూ కలిసి త్రికోణం కడితే ఆ త్రికోణం మూడు కొసలకీ చుట్టూ కాస్త ఖాళీ వదలాలి. ఫ్రేములో హొరైజన్ ఉండదు కాబట్టి ఒరిగిందో లేదో చూడటానికి నా కొలత ఇది: కదలని నీటిలో కాడ కొసనీ, ప్రతిబింబంలో అదే కొసనీ కలిపే గీత నిట్టనిలువుగా ఉండాలి. కాడ ఎంత వంకరగా ఉన్నా సరే.

లోపాలూ ఉన్నాయి. నా లెన్స్ ఒక మీటరు కంటే దగ్గరికి ఫోకస్ కాదు, కాళ్ల దగ్గరి చిన్న మొక్కలకి మాక్రో లెన్స్ వేరే మోయాలి. ట్రైపాడ్ కాలర్ (లెన్స్‌ని ట్రైపాడ్‌కి బిగించే పట్టీ) రాలేదు. నిలువుగా తిప్పితే బరువంతా ఒక పక్కకి లాగి, బిగించాక కూడా ఫ్రేమ్ కొంచెం జారుతుంది. ఎల్-బ్రాకెట్ (కెమెరాని నిలువుగా కూడా బిగించుకునే ఎల్ ఆకారపు పలక) వేశాకే అది కుదురుకుంది. వెడల్పాటి చెరువుల్లో 200 చాలదు. అక్కడే ఎక్కువ తిరిగేవాళ్లు దీన్ని వదిలేసి 100-400 జూమ్ తీసుకోవడం మేలు. కట్టకి దగ్గరగా మొక్కలుండే చిన్న కుంటలకైతే ఇది చాలు.