జియోమెట్రీ రకం తనిఖీ: పేరుతోనా, క్లాసుతోనా, డైమెన్షన్‌తోనా?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటలెన్ని ఉన్నాయో లెక్కించడానికి, డిజిటల్ మ్యాపులో పాలిగన్లుగా (మూసిన బహుభుజులుగా) గీసిన గుంటల పొరకూ మండల సరిహద్దుకూ ఇంటర్‌సెక్షన్, అంటే రెండింటికీ ఉమ్మడి భాగం, తీశామనుకుందాం. ఫలితంలో ప్రతి వరుసకూ ఒక జియోమెట్రీ (ఆకారం) ఉంటుంది, దాని రకం మారుతూ ఉంటుంది. పూర్తిగా లోపలున్న గుంట పాలిగన్‌గానే వస్తుంది. సరిహద్దు వంకర తిరిగిన చోట రెండు ముక్కలైనది మల్టీపాలిగన్ అవుతుంది. గట్టు మాత్రమే సరిహద్దును ఆనుకున్న పక్క మండలపు గుంట లైన్‌స్ట్రింగ్‌ (గీత)గానూ, మూల మాత్రమే తగిలినది పాయింట్‌ (బిందువు)గానూ వస్తాయి. ఒకచోట ముక్క, ఇంకొకచోట గట్టు తగిలితే వేర్వేరు రకాలు కలిసిన జియోమెట్రీ కలెక్షన్ వస్తుంది. ఎకరాల మొత్తం ఒక్కటే కావాలంటే రకం అడగనక్కరలేదు, గీతకూ బిందువుకూ వైశాల్యం సున్నాయే కదా. గుంటల సంఖ్య చెప్పాలన్నా, ఫలితాన్ని పాలిగన్ పొరగా భద్రపరచాలన్నా మాత్రం అడగక తప్పదు.

పైథాన్‌లో ఆకారాలతో పనిచేసే షేప్లీ లైబ్రరీ వాడేవారిలో చాలామంది ముందుగా పట్టుకునేది జియోమ్_టైప్. అది ‘పాలిగన్’ వంటి పేరును అక్షరాలుగా ఇస్తుంది కాబట్టి చదవడానికీ, తప్పు వెతుకుతున్నప్పుడు ముద్రించి చూసుకోవడానికీ సుఖంగా ఉంటుంది. అయితే పేరు ‘పాలిగన్’తో సమానమా అని మాత్రమే అడిగిన కోడు, మధ్యగా పంటకాలువ పోయి రెండుగా చీలిన గుంటను ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది. షేప్‌ఫైల్ అనే మ్యాపు ఫైలు రూపం పాలిగన్‌నూ మల్టీపాలిగన్‌నూ వేరు చేయక ఒకే పాలిగన్ రకం కింద దాస్తుంది గనుక, పొర పాలిగన్లదే కదా అన్న ధీమా ఇక్కడ చెల్లదు. అదే కోడును మ్యాపు డేటాను దాచే పోస్ట్‌జిఐఎస్ డేటాబేస్‌కు మారిస్తే మరో చిక్కు: ఎస్‌టి_జియోమెట్రీటైప్ ఇచ్చే పేరుకు ముందు ‘ఎస్‌టి_’ చేరుతుంది, జియోమెట్రీటైప్ ఇచ్చే పేరు అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పైథాన్‌లోని పేరును అలాగే రాస్తే ఒక్క వరుస కూడా దొరకదు.

వస్తువు ఫలానా క్లాసుదేనా అని చెప్పే పైథాన్ ఫంక్షన్ ఈజ్‌ఇన్‌స్టన్స్‌తో క్లాసును అడగడం రెండో పద్ధతి. జియోమెట్రీ లేని వరుసలో పేరు అడిగితే ప్రోగ్రాము ఆగిపోతుంది, ఇది మాత్రం ‘కాదు’ అని చెప్పి ముందుకు పోతుంది. షేప్లీలో లీనియర్‌రింగ్ అనేది లైన్‌స్ట్రింగ్‌కు పిల్ల క్లాసు కాబట్టి, గుంట వెలుపలి గట్టును గీతేనా అని అడిగితే క్లాసు అవునంటుంది, పేరు కాదంటుంది. పొడవు కొలిచేవారికి క్లాసు మాటే సరైనది. మల్టీపాలిగన్ మాత్రం పాలిగన్‌కు పిల్ల క్లాసు కాదు. రెండింటినీ విడివిడిగా రాయాల్సిందే.

లక్షల వరుసలుంటే ఒక్కొక్కదాన్నీ అడగడం నెమ్మది. షేప్లీ 2.0 నుంచి గెట్_టైప్_ఐడి మొత్తం వరుసలకు ఒకేసారి సంఖ్యలిస్తుంది, జియోమెట్రీ లేని చోట -1 పెడుతుంది. ఈ సంఖ్యలను డబ్ల్యుకెబి (ఆకారాలను బైనరీగా రాసే ప్రామాణిక రూపం) సంకేతాలతో కలపకూడదు. పాలిగన్ రెండింటిలోనూ 3, మల్టీపాలిగన్ రెండింటిలోనూ 6. పాయింట్ మాత్రం షేప్లీలో 0, డబ్ల్యుకెబిలో 1. లైన్‌స్ట్రింగ్ షేప్లీలో 1, డబ్ల్యుకెబిలో 2. గుంటలతో మాత్రమే పరీక్షించినవారికి ఈ పొరపాటు బయటపడదు, బోరుబావుల పొర తెచ్చిన రోజున పడుతుంది.

నా మొగ్గు డైమెన్షన్ వైపు. షేప్లీలో గెట్_డైమెన్షన్స్, పోస్ట్‌జిఐఎస్‌లో ఎస్‌టి_డైమెన్షన్ బిందువులకు 0, గీతలకు 1, పాలిగన్లకు 2 ఇస్తాయి; ముక్క ఒకటా రెండా అన్న పట్టింపు వాటికి లేదు, మన గుంటల లెక్కకూ లేదు. కలెక్షన్ విషయంలో మాత్రం లోపలి వాటిలో అతి పెద్దదాన్నే ఇస్తాయి కనుక, 2 వచ్చినా లోపల గీతలు ఉండవచ్చు. లెక్కకు అది అడ్డు కాకపోయినా, భద్రపరచే ముందు పోస్ట్‌జిఐఎస్‌లో ఎస్‌టి_కలెక్షన్‌ఎక్స్‌ట్రాక్ట్‌కు 3 ఇచ్చి పాలిగన్లను వేరుచేయాలి. షేప్లీ ఆకారాలను పట్టికలుగా నడిపే జియోపాండాస్‌లో రెండు పొరలను కలిపే ఓవర్‌లే వాడితే, కీప్_జియోమ్_టైప్‌కు విలువ ఇవ్వకుండా వదిలినప్పుడు మొదటి పొర రకాన్నే ఉంచి, మిగిలినవి తీసేసినప్పుడు హెచ్చరిస్తుంది.

ఖాళీ పాలిగన్‌ను ఈ పద్ధతుల్లో ఏదీ పట్టుకోదు: దాని పేరూ పాలిగనే, క్లాసూ పాలిగనే, డైమెన్షన్ కూడా 2. మండలాన్ని అసలు తాకని గుంటకు ఇంటర్‌సెక్షన్ తీస్తే వచ్చేది అటువంటి ఖాళీయే కావచ్చు కాబట్టి, ఏ పద్ధతి ఎంచుకున్నా దానికి ముందు ఖాళీయేనా అని చూసే ఈజ్_ఎంప్టీ ఉండాలి.